ప్రయోగ సూచనల కథ: గాజు గొట్టం నుంచి క్లౌడు దాకా

నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా హైస్కూలు విద్యార్థి సైన్సు రికార్డు తెరిచి చూస్తే ప్రయోగాలన్నీ ఇంచుమించు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఉద్దేశం, పరికరాలు, సిద్ధాంతం, పద్ధతి, పరిశీలనలు, ఫలితం, చివర జాగ్రత్తలు. విద్యార్థులు ఈ వరుసను కంఠస్థం చేస్తారు. ఉపాధ్యాయులు ఎర్ర సిరాతో సంతకం పెడతారు. చివరనున్న జాగ్రత్తలను మాత్రం చాలామంది పక్కవాని రికార్డు చూసి ఎక్కించుకుంటారు. ఎందుకు రాస్తున్నామో ఆలోచించే వారు తక్కువ.

ఈ ఏడు శీర్షికల వెనుక దాదాపు రెండువందల ఏళ్ల చరిత్ర ఉన్నది. ప్రయోగం చేసి చూపడం ఒక విద్య. ఇతరులు తమంతట తాము చేయగలిగేటట్లు ఆ ప్రయోగాన్ని కాగితం మీద చెప్పడం మరొక విద్య. ఈ రెండవ విద్య గాజు గొట్టాల కాలంలో పుట్టి, నేడు కంప్యూటరు ప్రయోగశాలలకు చేరింది. అందులోనూ యంత్రం విద్యార్థి ఎదుట లేక ఎక్కడో వందల మైళ్ల దూరాన ఉండే క్లౌడు ప్రయోగశాలలలో దానికి ఎన్నడూ లేనంత ప్రాముఖ్యం వచ్చింది.

గురజాల ప్రాంతపు పల్లెలో తెలుగు మాధ్యమంలో చదువుకొని ఇంజనీరింగు కళాశాలలో చేరిన ఒక విద్యార్థిని ఊహించుకుందాం. ఇంట్లో కంప్యూటరు లేదు. ప్రయోగశాలలో చేతికి ఒక సూచన పత్రం ఇచ్చారు. మూడు సూచనలు సరిగా నడిచాయి. నాలుగవ దాని వద్ద తెరమీద ఎర్రని అక్షరాలు వచ్చాయి. పత్రంలో ఆ సంగతి లేదు. పక్కవారు ముందుకు పోతున్నారు. ఉపాధ్యాయుడు గదికి ఆ చివర ఉన్నాడు. అప్పుడా విద్యార్థికి తట్టే మొదటి ఆలోచన “ఈ కాగితం సరిగా లేదు” అని కాదు. “నాకు ఈ చదువు అబ్బదు” అని. ఆ తప్పు నిజంగా ఎవరిది? ఈ ప్రశ్నకు చరిత్ర ఏమి జవాబు చెబుతుందో చూద్దాం.

గాజు గొట్టం వంచడం ఎలా?

పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో రసాయనశాస్త్రం చదివే వారిలో ఎక్కువమంది ఆచార్యుడు బల్ల మీద చేసి చూపే ప్రయోగాన్ని దూరం నుంచి చూసి తృప్తి పడేవారు. 1824లో యుస్టస్ లీబిగ్ 21 ఏళ్ల వయసులో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరాడు. ఖాళీ అయిన ఒక సైనికుల బసలో ప్రయోగశాల నెలకొల్పి, విద్యార్థులు తమ చేతులతో తామే ప్రయోగాలు చేసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఐరోపా దేశాల నుంచి ఎందరో అక్కడికి వచ్చి ఆ పద్ధతిని నేర్చుకొని వెళ్లారు. ఒక గదిలో ఒక గురువు, ఎన్నో జతల చేతులు: నేటి ప్రయోగశాల స్వరూపం అదే. ప్రతి విద్యార్థి పక్కన గురువు నిలబడలేడు. గురువు లేని చోట కాగితం మాట్లాడవలసి ఉంటుంది.

ఆ కాగితాన్ని చక్కగా మాట్లాడించిన వారిలో మొదట చెప్పుకోదగినవాడు మైకేల్ ఫారడే. విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో కనుగొని జగత్ప్రసిద్ధుడైన ఫారడే, అంతకు నాలుగేళ్ల ముందు, 1827లో, ‘కెమికల్ మానిప్యులేషన్’ అనే పెద్ద పుస్తకం ప్రకటించాడు. దాని ముఖ్య విషయం రసాయన సిద్ధాంతం కాదు, చేతిపని. తక్కెడను ఎలా వాడాలి, ద్రవాన్ని ఎలా వడకట్టాలి, గాజు గొట్టాన్ని వేడిచేసి ఎలా వంచాలి మొదలైనవి అందులో ఓపికగా వివరించబడ్డాయి. తెలిసినవారికి ఇవి చెప్పవలసిన విషయాలుగానే తోచవు. గొట్టం వంచడం చేయి తిరిగినవాడికి క్షణంలో పని. కొత్తవాడు తొందరపడితే మలుపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది.

ఫారడే కమ్మరి కొడుకు. పాఠశాల చదువు బహు స్వల్పం. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో ఏడేళ్లు శిష్యరికం చేసి, 1813లో హంఫ్రీ డేవీ వద్ద సహాయకుడుగా రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రవేశించాడు. తెలియనితనం ఎలా ఉంటుందో స్వయంగా ఎరిగినవాడు. ఆయన పుస్తకానికి గల ప్రయోజనమంతా అక్కడే ఉన్నది. నిపుణునికి అలవాటై కంటికి ఆనని చిన్న పనిని, కొత్తవాని కంటికి ఆనేటట్లు చెప్పడం మంచి సూచనకు మొదటి లక్షణం.

వంటల పుస్తకమా, వెతుకులాటా?

కాలక్రమాన ఈ సూచనలే మరొక చిక్కు తెచ్చిపెట్టాయి. “రెండు చుక్కలు వేయుము, వేడి చేయుము, రంగు వ్రాయుము” అన్న ధోరణిలో పుస్తకాలు వచ్చాయి. విద్యార్థి బుద్ధికి పనిలేక చేతులే పనిచేయసాగాయి. ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రసాయనశాస్త్రవేత్త 1880ల చివర నుంచి దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. విద్యార్థికి ఒక ప్రశ్న ఇచ్చి, జవాబును తానే కనుగొనేవాడి స్థితిలో అతన్ని నిలబెట్టాలని ఆయన వాదించాడు. దీనికి హ్యూరిస్టిక్ పద్ధతి అని పేరు.

ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పినదానిలో నిజం ఉన్నది. అయితే ఏమీ చెప్పకుండా వదిలివేస్తే కొత్తవాడు దారి తప్పుతాడన్నదీ నిజమే. ఈ తగాదాకు కొంత పరిష్కారం వంద సంవత్సరాల తరువాత లభించింది. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం నేర్చుకునే విద్యార్థులపై పరిశోధన ప్రకటించారు. మొదట్లో కొన్ని లెక్కలు చేసి చూపిన నమూనాలను చదివినవారు, అన్నిటినీ తామే చేయబూనిన వారికంటె, తరువాత వచ్చిన అటువంటి లెక్కలను త్వరగా చేయగలిగారు. మనసు ఒక్కసారిగా మోయగల బరువుకు పరిమితి ఉన్నది. దారి వెతకడానికే ఆ బలమంతా ఖర్చయితే నేర్చుకోవడానికి మిగలదు. అయితే విద్యార్థి ఆరితేరిన కొద్దీ ఆ వివరమే అడ్డమవుతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. కాలు విరిగినవాడికి ఊతకర్ర అవసరం. నయమైన తరువాత కూడా దాన్ని వదలకపోతే నడక చెడుతుంది. కనుక మొదటి ప్రయోగపు సూచనలు విపులంగా ఉండాలి. పదవ ప్రయోగానికి వచ్చేసరికి అవి పలచబడాలి.

దూరాన ఉన్న యంత్రం

కంప్యూటర్లు వచ్చినప్పుడు ఈ పాఠాలన్నీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. కాన్పూరు ఐఐటిలో 1963లో ఐబిఎం 1620 కంప్యూటరును నెలకొల్పారు. ఆ రోజుల్లో ప్రోగ్రామును అట్టకార్డులపై రంధ్రాలుగా పొడిచి, కార్డుల కట్టను యంత్రానికి అందించి, ఫలితం కోసం వేచి ఉండేవారు. ఎక్కడో ఒక కామా తప్పితే ఆ కార్డు సరిదిద్ది మళ్లీ వరుసలో నిలబడడమే. తప్పు చేయడానికి క్షణం, తప్పు చేసినట్లు తెలియడానికి చాలాసేపు పట్టేది.

అదే కాలంలో అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల గణితాచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ మరొక మార్గం ఆలోచించారు. ఒకే యంత్రాన్ని ఎందరో ఒకేసారి వాడుకోవాలి. ప్రతివారి ముందూ ఒక టైపుయంత్రం మాత్రం ఉండాలి. అసలు కంప్యూటరు మరొక చోట ఉండవచ్చు. 1964 మే 1న తెల్లవారుజామున వారి బేసిక్ భాషలో తొలి ప్రోగ్రాములు నడిచాయి. యంత్రపు కాలాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి అందరికీ పంచే ఈ ఏర్పాటే నేటి క్లౌడు ప్రయోగశాలకు పూర్వరూపం.

అందులో మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. డార్ట్‌మత్ విద్యార్థులలో ఎక్కువమంది విజ్ఞానశాస్త్రం చదివేవారు కారు. వారికోసం కెమెనీ, కర్ట్జ్ పొడవాటి సూచనలు రాయడానికి బదులు యంత్రపు ఆజ్ఞలనే సులభం చేశారు. పని మొదలుపెట్టడానికి ‘హలో’, నడపడానికి ‘రన్’, చూడడానికి ‘లిస్ట్’, దాచుకోవడానికి ‘సేవ్’. చెప్పడం కష్టమైనప్పుడు చెప్పే తీరునే కాక, చెప్పవలసిన వస్తువును కూడా సరళం చేయవచ్చునని వారు నిరూపించారు.

కాగితాన్ని పరీక్షించిన మనుషులు

1980లలో కంప్యూటరు చిన్నదై బల్లమీదికి వచ్చింది. మన దేశంలో 1984లో ‘క్లాస్’ పథకం కింద కొన్ని పాఠశాలలకు బిబిసి మైక్రో కంప్యూటర్లు అందాయి. పాశ్చాత్య దేశాలలో కార్యాలయపు ఉద్యోగులు టైపుయంత్రం వదిలి కంప్యూటరు మీద ఉత్తరాలు రాయడం నేర్చుకోసాగారు. యంత్రాలతోపాటు లావైన సూచన గ్రంథాలు కూడా వచ్చేవి.

న్యూయార్కు రాష్ట్రంలోని ఐబిఎం పరిశోధన కేంద్రంలో జాన్ కారల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో ఒక తేలికైన పని చేశాడు. తేలికే గాని అంతకుముందు పెద్దగా ఎవరూ పట్టించుకోని పని. కొత్తగా నేర్చుకునేవారికి పుస్తకం, యంత్రం ఇచ్చి పక్కన కూర్చుని చూశాడు. పుస్తకం రాసినవారు ఊహించిన విద్యార్థి అక్కడ లేడు. నేర్చుకునేవారు వరుసగా చదవలేదు. పేజీలు దాటవేశారు. తమకు కావలసిన పనిలోకి వెంటనే దిగారు. ఎక్కడో చిన్న తప్పు దొర్లేది. తప్పు దొర్లిందని వారికి తెలిసేది కాదు. తరువాతి సూచనలన్నీ వేరొక స్థితిలో ఉన్న యంత్రం మీద ప్రయోగించేవారు. అక్కడినుంచి పుస్తకం ఒక దారి, తెర ఒక దారి.

ఈ పరిశీలన నుంచి కారల్ బృందం చిన్న సూచన పుస్తకాన్ని తయారుచేసింది. ఉపోద్ఘాతాలు తీసివేసింది. మొదటి పుటలోనే నిజమైన పని ఇచ్చింది. అన్నిటికంటె ముఖ్యంగా తప్పును ఎలా గుర్తించాలి, దానినుంచి ఎలా బయటపడాలి అన్న విషయాలకు చోటిచ్చింది. చిన్న పుస్తకంతో నేర్చుకున్నవారు పెద్ద పుస్తకంతో నేర్చుకున్నవారికంటె త్వరగా, మెరుగుగా పనిచేయగలిగారు. 1990లో కారల్ ఈ పరిశోధనలను ఒక గ్రంథంగా ప్రచురించి దానికి ‘న్యూరెంబర్గ్ గరాటు’ అని పేరు పెట్టాడు. తలకు గరాటు పెట్టి చదువు పోయవచ్చునని జర్మనీలో ఒక పాత పరిహాసం. అటువంటి గరాటు లేదని చెప్పడమే ఆయన ఉద్దేశం.

సైన్సు రికార్డులో చివరన మొక్కుబడిగా రాసే ‘జాగ్రత్తలు’ విలువ ఇక్కడ తెలుస్తుంది. “లోలకం పక్కకు తిరగకుండా ఊగవలె” అనే జాగ్రత్త ఎవరో పూర్వం పొరబడి, ఫలితం తప్పుగా వచ్చి, కారణం కనుగొని రాసి పెట్టినది. వెనుకటివారి పొరపాటు ముందుతరానికి దీపం. కంప్యూటరు ప్రయోగాల పత్రాలలో ఈ శీర్షికే తరచుగా కనుమరుగవుతున్నది.

మన దేశపు ప్రయత్నాలు

కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రారంభించిన సమాచార సాంకేతిక విద్యా పథకం కింద రెండు చెప్పుకోదగిన పనులు జరిగాయి. మొదటిది ‘వర్చువల్ లాబ్స్’. ఢిల్లీ ఐఐటి సమన్వయంతో అనేక సంస్థలు కలిసి చేపట్టిన ఈ పనిలో హైదరాబాదులోని ఐఐఐటి ముఖ్యమైన పాత్ర వహించింది. ఇందులో విద్యార్థి బ్రౌజరు తెరిచి దూరం నుంచే ప్రయోగం చేయవచ్చు. ప్రతి ప్రయోగానికీ ఉద్దేశం, సిద్ధాంతం, పద్ధతి అన్న పాత శీర్షికలు ఉన్నాయి. వాటికి తోడు ప్రయోగానికి ముందొక చిన్న పరీక్ష, తరువాత ఒక పరీక్ష, చివర విద్యార్థి అభిప్రాయం చెప్పే చోటు చేర్చబడ్డాయి. కాగితానికి బదులు చెప్పే హక్కు విద్యార్థికి లభించింది.

రెండవది బొంబాయి ఐఐటిలో ఆచార్య కన్నన్ మౌద్గల్య నాయకత్వాన సాగిన ‘స్పోకెన్ ట్యుటోరియల్’. సుమారు పది నిమిషాల దృశ్యపాఠం ఒక పక్క, తాను పనిచేసే కిటికీ మరొక పక్క పెట్టుకొని విద్యార్థి చూస్తూ చేస్తూ పోవాలి. పాఠం వినబడే మాటలు తెలుగుతో సహా భారతీయ భాషలలో ఉంటాయి. తెరమీది అక్షరాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచుతారు. రేపు ఉద్యోగంలో ఎదురయ్యే తెర అదే కనుక. ఈ పాఠాల తయారీలో ఒక నియమం ఉన్నది. రాసిన పాఠాన్ని రికార్డు చేయకముందు ఆ విషయం తెలియని కొత్తవాని చేత చేయించి చూస్తారు. కొత్తవాడు ఆగినచోట పాఠాన్ని సవరిస్తారు. కారల్ తన పరిశోధనలో చేసిన పని ఇక్కడ నిత్యకృత్యమైంది.

బావి నుంచి కాలువకు

ఇక క్లౌడు సంగతి. క్లౌడు అంటే మేఘం. కాని ఇందులో గాలిలో తేలేది ఏదీ లేదు. పెద్ద భవనాలలో వరుసలు వరుసలుగా నిలబెట్టిన కంప్యూటర్లను ఇంటర్నెట్టు ద్వారా అద్దెకిచ్చే ఏర్పాటు ఇది. అమెజాన్ సంస్థ 2006లో ఈ వ్యాపారాన్ని విస్తృతంగా ఆరంభించింది. 2022 నవంబరులో హైదరాబాదులోనే అటువంటి కేంద్ర సముదాయాన్ని ప్రారంభించింది.

పల్నాటి వారికి ఈ మార్పును అర్థం చేసుకోవడానికి దగ్గరలోనే ఒక పోలిక ఉన్నది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. అంతకుముందు వాననో, చెరువునో, సొంత బావినో నమ్ముకున్న రైతుకు కుడికాలువ వచ్చిన తరువాత బావి తవ్వే శ్రమ తప్పింది. దానితోపాటు కొత్త విచారాలు వచ్చాయి. తూము ఎప్పుడు ఎత్తుతారు? చివరి ఆయకట్టు దాకా నీరు చేరుతుందా? సొంత కంప్యూటరులో అన్నీ అమర్చుకొని పనిచేయడం బావి వ్యవసాయం. క్లౌడులో పనిచేయడం కాలువ వ్యవసాయం.

బావి తవ్వే శ్రమ చిన్నది కాదు. ప్రోగ్రామింగు ప్రయోగశాలలో మొదటి రోజులు తరచుగా కంపైలరును అమర్చుకోవడంలోనే గడిచిపోయేవి. ఒక యంత్రంలో పాత కూర్పు, మరొకదానిలో కొత్త కూర్పు. 2013లో వెలువడిన డాకర్ అనే సాధనం, ప్రోగ్రామును దానికి కావలసిన సామగ్రితో సహా ఒక పెట్టెలో సర్ది ఎక్కడికైనా పంపే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. ఈ పెట్టెను కంటైనరు అంటారు. 2020లో గిట్‌హబ్ ప్రకటించిన కోడ్‌స్పేసెస్ వంటి పరిసరాలలో, ఏ కంపైలరు, ఏ కూర్పు, ఏ ఉపకరణాలు కావాలో ఒక చిన్న ఫైలులో రాసి పెడితే చాలు. దూరపు యంత్రం దాన్ని చదివి అందరికీ ఒకే విధమైన ప్రయోగశాలను సిద్ధం చేస్తుంది. రికార్డులోని ‘పరికరాలు’ అనే శీర్షికను ఇప్పుడు యంత్రమే చదువుకుంటున్నదన్నమాట. ఉద్దేశం, పరిశీలన, జాగ్రత్త మాత్రం మనిషి కోసం మనిషే రాయాలి.

‘ఇక్కడ’ అంటే ఎక్కడ?

క్లౌడు ప్రయోగశాలలో పాత సూచనలు ఎలా బోల్తా కొడతాయో ఒక ఉదాహరణ చూద్దాం. వెబ్ పేజీ తయారుచేసే ప్రయోగానికి పత్రం ఈ విధంగా ఉన్నదనుకుందాం: “ప్రోగ్రామును నడుపుము. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ 3000 తెరువుము. ఫలితాన్ని రికార్డులో వ్రాయుము.”

లోకల్‌హోస్ట్ అన్న పేరుకు అర్థం ‘ఈ యంత్రమే’ అని. 3000 అన్నది ఆ యంత్రంలో ప్రోగ్రాము కాచుకొని ఉండే ద్వారపు సంఖ్య. సొంత కంప్యూటరులో ప్రోగ్రాము, బ్రౌజరు ఒకే చోట ఉంటాయి కనుక సూచన పనిచేస్తుంది. క్లౌడులో ప్రోగ్రాము నడిచేది దూరపు యంత్రంలో. బ్రౌజరు ఉన్నది నరసరావుపేటలో. విద్యార్థి ఆ చిరునామా టైపు చేస్తే బ్రౌజరు తన ఎదుటనున్న యంత్రంలో వెతుకుతుంది. అక్కడ ఏమీ లేదు. మాచర్ల నుంచి వచ్చిన ఉత్తరంలో “ఇక్కడ వానలు పడ్డాయి” అని ఉంటే నరసరావుపేటలో చదివేవారు తమ ఊరి ఆకాశం చూడరు. ‘ఇక్కడ’ అంటే రాసినవారి ఊరని ఎరుగుదురు. బ్రౌజరుకు ఆ లోకజ్ఞానం లేదు. క్లౌడు పరిసరం ఆ ద్వారాన్ని బయటికి చూపడానికి వేరొక చిరునామా కల్పిస్తుంది. దాన్ని తెరవాలి.

అదే సూచనను ఈ విధంగా రాయవచ్చు: “ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ‘పోర్ట్స్’ అనే పట్టీలో 3000 అనే సంఖ్య కనిపించవలె. ఆ వరుసలో ఉన్న చిరునామాను తెరువుము. నీవు వ్రాసిన పేజీ కనిపించును. పట్టీలో సంఖ్య లేకపోతే ప్రోగ్రాము ఆగిపోయి ఉండవచ్చు. టెర్మినలులోని చివరి పంక్తులు చదువుము. సంఖ్య ఉండీ పేజీ రాకపోతే, చిరునామాలో లోకల్‌హోస్ట్ అని నీవే టైపు చేశావేమో చూడుము.”

రెండవ పత్రం కొంచెం పొడవు. కాని ఆ పొడవు వృథా కాదు. ఏమి చేయాలో చెప్పింది. చేసిన తరువాత ఏమి కనిపించాలో చెప్పింది. కనిపించకపోతే ఎక్కడ వెతకాలో చెప్పింది. ప్రతి సూచన పక్కన పరిశీలన, దాని పక్కనే జాగ్రత్త. ఏడు శీర్షికలు పేజీ పొడవునా విడివిడిగా ఉండనక్కరలేదు. కావలసిన చోట కావలసినది ఉంటే చాలు.

దాచుకోవడం గురించిన సూచన కూడా ఇటువంటిదే. గూగుల్ కొలాబ్‌లో రాసిన నోటుబుక్కు డ్రైవులో భద్రపడి మిగులుతుంది. ప్రోగ్రాము తాత్కాలిక యంత్రంలో సృష్టించిన ఫైళ్లు మాత్రం ఆ యంత్రాన్ని వెనక్కు తీసుకోగానే పోతాయి. కోడ్‌స్పేసెస్‌లో సాధారణ ఏర్పాటు ప్రకారం 30 నిమిషాలు కదలిక లేకపోతే యంత్రం ఆగుతుంది. అప్పుడు ఫైళ్లు పోవు. కాని 30 రోజులు దాన్ని ముట్టుకోకపోతే పరిసరమే తొలగిపోతుంది. కనుక “పని దాచుకొనుము” అన్న ఒక్క మాట చాలదు. ఎక్కడ దాచాలో, దాగినట్లు ఎలా తెలుస్తుందో చెప్పాలి. అద్దె లెక్కమీద నడిచే యంత్రాన్ని ఆపకుండా లేచిపోవడం, పొలంలో మోటారు కట్టివేయకుండా ఇంటికి రావడం వంటిది. అది కూడా పత్రంలో చివరి సూచనగా ఉండాలి.

మారిపోయే ప్రయోగశాల

గాజు గొట్టం ఫారడే నాడు ఎలా వంగిందో నేడూ అలాగే వంగుతుంది. క్లౌడు ప్రయోగశాల అలా కాదు. కాగితం అచ్చయి ఆరకముందే తెరమీది గుర్తు చోటు మారవచ్చు. సేవయే మూతపడవచ్చు. 2010లో మొదలైన క్లౌడ్9 అనే పరిసరాన్ని 2016లో అమెజాన్ కొన్నది; 2024 జూలైలో కొత్తవారిని చేర్చుకోవడం ఆపివేసింది. సూచనలు ఒక పక్క, టెర్మినలు మరొక పక్క చూపి ఎందరో ఉపాధ్యాయులను ఆకర్షించిన కటకోడా అనే ప్రయోగవేదిక 2022 జూన్‌లో బహిరంగ సేవను ముగించింది. వాటిని నమ్ముకొని రాసిన పాఠాలు ఒక్కరోజులో పాతబడ్డాయి.

అందువలన “ఎడమవైపు మూడవ గుర్తును నొక్కుము” అనే సూచన బలహీనమైనది. “టెర్మినలును తెరువుము, అది ఆజ్ఞలను టైపు చేసే కిటికీ, ప్రస్తుతం ఎడమవైపు మూడవ గుర్తులో దొరుకును” అనే సూచన గుర్తు మారినా బతుకుతుంది. మొదటిది వేలికి చెబుతుంది, రెండవది మనసుకు చెబుతుంది. పత్రం పైన “ఫలానా తేదీన చేసి చూడబడినది” అని రాస్తే చదివేవారికి దాని వయసు తెలుస్తుంది. మందుసీసా మీద తేదీ చూసేవారు ప్రయోగ పత్రం మీద కూడా తేదీ కోరవచ్చు.

పల్నాడులో ఈ విషయానికి తగిన సమయం వచ్చింది. 2008లో కాకినాడ కేంద్రంగా ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో నరసరావుపేటలో తన ఇంజనీరింగు కళాశాలను ప్రారంభించింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట దానికి కేంద్రమైంది. ఆ విశ్వవిద్యాలయం 2023లో ప్రవేశపెట్టిన పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరపు ప్రోగ్రామింగు ప్రయోగశాల తొలి వారాన్ని ప్రోగ్రామింగు పరిసరంతో పరిచయానికే కేటాయించారు. ఇది వివేకమైన ఏర్పాటు. ఆ వారంలో విద్యార్థి చేతికి వచ్చే పత్రం ఎలా ఉన్నదనే దాని మీద తరువాతి వారాలు ఆధారపడి ఉంటాయి.

ఉపాధ్యాయులు చేయగలిగిన పని

హైస్కూలు ఉపాధ్యాయులకు ఇది దూరపు విషయంగా తోచవచ్చు. కాని సూచన పత్రాన్ని పరీక్షించడానికి క్లౌడు అక్కరలేదు. కంప్యూటరు కూడా అక్కరలేదు. ఓం నియమం ప్రయోగానికో, లోలకం ప్రయోగానికో ఉన్న పత్రం తీసుకొని, ఆ ప్రయోగం ఎన్నడూ చేయని ఒక విద్యార్థికి ఇవ్వాలి. పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడాలి. విద్యార్థి చేయి ఎక్కడ ఆగిందో, కళ్లు కాగితం మీదినుంచి ఎక్కడ లేచి గురువు ముఖం వైపు చూశాయో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాలి. సాయం చేయాలన్న ఆత్రం కలుగుతుంది. దాన్ని ఆపుకోవడమే ఇందులో కష్టమైన పని. గుర్తుపడిన చోట మరునాడు ఒక వాక్యం మార్చాలి, లేదా ఒక జాగ్రత్త చేర్చాలి. మరొక విద్యార్థికి ఇచ్చి చూడాలి.

విద్యార్థులు చేయగలిగినదీ ఉన్నది. రికార్డులో జాగ్రత్తలు పక్కవారిని చూసి ఎక్కించే బదులు, ఆనాడు తమకు జరిగిన పొరపాటును, దాన్ని సరిదిద్దుకున్న తీరును రెండు పంక్తులలో రాయవచ్చు. మరుసటి ఏడు వచ్చేవారికి అది అచ్చుపుస్తకంలో దొరకని సహాయం.

గురజాల నుంచి వచ్చిన విద్యార్థి నాలుగవ సూచన వద్ద ఆగిపోయినప్పుడు, ఆ పత్రంలో “ఇక్కడ ఎర్రని అక్షరాలు వచ్చినచో భయపడవలదు, ఫైలు వేరొక ఫోల్డరులో ఉండవచ్చు, ఈ విధముగా చూడుము” అన్న ఒక్క వాక్యం ఉన్నదనుకుందాం. ఆ విద్యార్థి చూస్తాడు, ఫైలు దొరుకుతుంది, ప్రోగ్రాము నడుస్తుంది. ఐదవ సూచనకు వెళతాడు. ఆ ఒక్క వాక్యం రాయగలిగినవారు, అంతకుముందు అదే చోట ఆగిపోయిన మరొక విద్యార్థి పక్కన కూర్చుని ఓపికగా చూసినవారై ఉంటారు.